ఆ ఇంట్లో ఉర్దూ మాన్పించింది నేనే

పన్నెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. ఎవరో నన్ను అన్నది కాదు, నేను ఒకామెతో అన్నది. నా నోట్లోంచి వస్తున్నప్పుడే అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఆ తల్లీకూతుళ్ల పేర్లు మార్చాను. ఇంకేదీ మార్చలేదు. ఒక విషయం ముందే తేల్చుకుందాం. ఇది చదివాక "పాపం, అప్పుడు చిన్నదానివి, కొత్త ఉద్యోగం, ఏం చేస్తావు" అని మీరు అనబోతే ఆ ఓదార్పు నాకొద్దు. నాకు నేను ఎన్నోసార్లు అలా చెప్పుకున్నాను. పనిచేయలేదు.

నేను టీచర్ని. ఇప్పుడు పాన్‌గల్ దగ్గరి ఒక ఊరి సర్కారు బడిలో చిన్న తరగతులకు చెబుతాను. చదవడం రాని పిల్లలకు చదువు నేర్పుతానని చుట్టుపక్కల నాకు కాస్త పేరుంది. ఈ మధ్య జరిగిన టీచర్ల సమావేశంలో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. కింద నుంచి ఒక కొత్త టీచరు లేచి, "ఇటువంటి పిల్లల మీద మీకు ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చింది మేడం?" అని అడిగింది. "ఒక శిక్షణలో నేర్చుకున్నాను" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ శాలువాను ఇంటికి తెచ్చి మంచం మీద పడేసి, దానికేసి చూస్తూ కూర్చున్నాను. ఎంత సులువుగా వచ్చింది ఆ జవాబు! మొదటి అబద్ధం కూడా ఇంతే సులువుగా వచ్చింది.

అది గద్వాలలో.

మాది వీపనగండ్ల వైపు ఒక పల్లె. నాయన కౌలు భూమిలో పల్లీ వేసేవాడు. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. మూడో తరగతి నాది. ఆ తరగతిలో నస్రీన్ ఉండేది. ఎనిమిదేళ్లది. వాళ్ల నాన్న అరటిపండ్ల బండి పెట్టుకునేవాడు. తల్లి హసీనా రాయచూరు వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. ఆమెకు ఉర్దూ వచ్చు, కొంచెం కన్నడం వచ్చు. తెలుగు మాత్రం కూడబలుక్కుని మాట్లాడేది.

నస్రీన్ ఎలాంటి పిల్లంటే, పాఠం ఒక్కసారి వింటే చాలు, మళ్లీ మొత్తం చెప్పేది. ఊరికే చెప్పడం కాదు. నక్క మాట్లాడితే గొంతు సన్నగా చేసేది, సింహమైతే బల్ల మీద చెయ్యి వేసి ముందుకు వంగేది. అమ్మ దగ్గర ఉర్దూలో విన్న కథలను తెలుగులోకి మార్చి మాకు చెప్పేది. మధ్యలో తెలుగు మాట దొరక్కపోతే చేతులతో చూపించేది. తరగతంతా నోరు తెరుచుకుని వినేది. నేనూ వినేదాన్ని.

అదే పిల్ల ముందు పుస్తకం పెడితే వేరే మనిషి అయిపోయేది. "ప"ను "వ" అనేది. "కల" అని ఉంటే "లక" అనేది. ఈరోజు గుర్తుపట్టిన అక్షరాన్ని రేపు కొత్తదాన్ని చూసినట్టు చూసేది. ఒకసారి నాతో గొడవకే దిగింది.

"టీచర్, నిన్న గీ అక్షరం గిట్ల లేకుండె. మీరే మార్చిన్రు."

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

ఇక్కడ నేను చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఇది లేకపోతే నా తప్పు తప్పు కాకుండా పోయేది. ఆ ఏడాదే నేనొక శిక్షణకు వెళ్లాను. పాఠం చెప్పిన మేడం కొందరు పిల్లల గురించి వివరించింది. వాళ్ల కన్ను బాగానే ఉంటుంది, చెవి బాగానే ఉంటుంది, తెలివికి లోటుండదు, కానీ అక్షరం మాత్రం నిలవదు, దాన్ని డిస్లెక్సియా అంటారు అని చెప్పింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నది దానికి కారణం కాదని కూడా చెప్పింది. ఎవరో అడిగితే మరీ మరీ చెప్పింది. అటువంటి పిల్లలను అదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోబెట్టి అదే పాఠం చెబితే ఏమీ రాదు, వేరే పద్ధతిలో, కొంచెం కొంచెంగా, పక్కన కూర్చుని నేర్పాలి అంది. నేను వింటున్నంతసేపూ నస్రీన్ ముఖమే నా కళ్ల ముందుంది.

తిరిగొచ్చి మొదలుపెట్టాను కూడా. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం వరండాలో కూర్చునేవాళ్లం. పళ్లెంలో ఇసుక పోసి అక్షరం దిద్దించేదాన్ని. మాటను ముక్కలు చేసి చప్పట్లు కొట్టించేదాన్ని. రోజుకు ఒక్క అక్షరమే. చాలా రోజులు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, గోడ మీద బొమ్మ కింద రాసి ఉన్న "ఉడుత" అనే మాటను బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చదివింది. "బొమ్మ చూస్తలేను టీచర్, సూడుండ్రి" అని చెయ్యి తియ్యకుండానే నా వైపు తిరిగింది.

ఆ వారమే బడి నడిపే కరస్పాండెంట్ సారు నన్ను పిలిచాడు.

"ఒక్క పిల్లకు గింత టైం పెడ్తే మిగతా తల్లిదండ్రులు అడగరా అమ్మా? పిల్లను మూడోదాంట్లనే ఇంకో ఏడు కూసోబెట్టు. అదే వస్తది."

"రాదు సార్. వేరే తీరుగ చెప్పాలె."

"గది మన బడి పని గాదు."

నేను ఊరుకున్నాను. సరే, ఇక్కడివరకు నన్ను కాపాడాలనుకుంటే కాపాడండి. కొత్త ఉద్యోగం, ఇంటికి పంపాల్సిన డబ్బు, పెద్దాయన మాట. ఇక్కడివరకు మీ జాలి నడుస్తుంది. దీని తర్వాతిదానికి నడవదు.

ఏడాది చివర హసీనాను పిలిపించారు. భర్తకు బండి వదిలి రావడం కుదరక ఆమె ఒక్కతే వచ్చింది. బుర్ఖా మీద దుమ్ము. నస్రీన్ పొద్దున మరచిపోయిన నీళ్ల సీసా చేతిలో ఉంది. సారు తన కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నన్ను చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను చెప్పాను, నస్రీన్‌ను నాలుగో తరగతికి పంపడం లేదని.

హసీనా ముందు అర్థం కానట్టు చూసింది. ఆ తర్వాత అడిగింది.

"టీచరమ్మా, నా బేటీకి ఏం అయింది? దిమాగ్ తక్కువ ఉందా?"

"అట్లేం లేదమ్మా."

"మరి ఎందుకు ఫెయిల్? నేను ఏం గల్తీ చేసిన?"

జవాబు నా దగ్గరుంది. మీ పిల్లకు తెలివి బాగా ఉంది, చదవడంలో ఒక ఇబ్బంది ఉంది, పెద్ద దవాఖానలో చూపించండి, దానికి వేరే రకంగా నేర్పాలి, మేము నేర్పడం లేదు. ఇంతే. సారుకు భయపడితే చివరి మాట మింగేసినా సరిపోయేది. ఏమీ చెప్పకుండా "మేనేజ్‌మెంట్ నిర్ణయం" అన్నా సరిపోయేది. నేను అలా అనలేదు.

"ఇంట్ల మీరు ఉర్దూ మాట్లాడ్తరు గద. గందుకే పిల్లకు తెలుగు అక్షరాలు ఎక్కుతలేవు. పిల్లతోని ఉర్దూ బంద్ చెయ్యండ్రి. గప్పుడే సదువొస్తది."

"నాకు తెలుగు మంచిగ రాదు టీచరమ్మా."

"వచ్చినంతల మాట్లాడండ్రి."

ఇంకేదో అడగాలా వద్దా అన్నట్టు ఆమె నీళ్ల సీసా మూతను తిప్పుతూ ఉంది.

"కహానీ గూడ వద్దా? రోజు పండుకునేటప్పుడు అడుగుతది."

"కథలైనా తెలుగులనే చెప్పండ్రి."

"ఠీక్" అంది. లేచి, నాకు చెయ్యెత్తి సలాం చేసి వెళ్లింది. సారు ఫోనులోంచి తలెత్తి, "మంచిగ చెప్పినవమ్మా" అన్నాడు.

ఆ మాట ఆయన చెప్పమన్నది కాదు. ఇది మీకు స్పష్టంగా తెలియాలి. ఆయన పిల్లను అదే తరగతిలో నిలిపేయమన్నాడు, అంతే. తల్లి మీదికి తప్పును తోసింది నేను.

ఎందుకు తోశాను? ఎన్నోసార్లు నన్ను నేను అడుగుతూ వచ్చాను. ఆమె నా ముఖంలోకి అంత నమ్మకంగా చూస్తుంటే, "తప్పు మాది" అనడానికి సిగ్గేసిందని ఒకప్పుడు చెప్పుకునేదాన్ని. అది సగమే. మిగతా సగం ఇంకా అసహ్యంగా ఉంటుంది. అదే తరగతిలో ఇంట్లో కన్నడం మాట్లాడే వ్యాపారస్తుల పిల్ల ఒకతె ఉంది. కన్నడం మానెయ్యండని వాళ్లకు నేనెన్నడూ చెప్పలేదు. చదువులో వెనకబడ్డ పెద్ద రైతు కొడుకు ఒకడున్నాడు. వాళ్ల నాన్న వస్తే కుర్చీ వేసి, "మెల్లగ వస్తది, పరేషాన్ గాకుండ్రి" అన్నాను. హసీనాకు మాత్రం ఆ కారణం నా నాలుక మీద తయారుగా ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది? స్టాఫ్‌రూములో టీ తాగుతూ "వాళ్ల ఇండ్లల్ల చదువెక్కడిది" అనుకునే మాటల నుంచి. ఆ మాటలు నేను అనలేదు. కాదని కూడా ఒక్కరోజూ అనలేదు. వింటూ టీ తాగాను. అవసరం పడినరోజు అవే నా గొంతుతో బయటికొచ్చాయి.

నస్రీన్ మళ్లీ మూడో తరగతిలో కూర్చుంది. తనకంటే చిన్న పిల్లల మధ్య, వెనక బెంచీలో. పాత స్నేహితులు మెట్లెక్కి పై తరగతికి పోతూ కిటికీలోంచి చెయ్యి ఊపితే మొదట్లో తనూ ఊపేది. తర్వాత పుస్తకంలో తల పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ పుస్తకం చదవడం తనకు రాదని వాళ్లకీ తెలుసు. అవే పాఠాలు, అవే బొమ్మలు. అవి తనకు మొత్తం నోటికి వచ్చు. అందుకే పేజీ తిప్పి గడగడా అప్పజెప్పేది. చదువుతోందని సారు మురిసిపోయాడు. అది చదవడం కాదని నాకు తెలుసు. వరండాలో కూర్చోవడం ఆగిపోయింది. నేనే ఆపాను.

సాయంత్రాలు గేటు దగ్గర హసీనా కనిపించేది. ఇంతకుముందు కూతురు కనబడగానే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకునేవాళ్లు. నాకు ఉర్దూ అంతగా రాదు కానీ నవ్వులు వినబడేవి. ఇప్పుడు ఆమె వచ్చిన నాలుగు మాటలూ పోగు చేసుకుని ఒక్కొక్కటీ బయటికి తీసేది. "దా. సంచి ఇయ్యి. ఆకలి ఉందా?" పిల్ల ఉర్దూలో ఏదో అంటే వేలు పెదవి మీద పెట్టి, నా వైపు చూసి, తప్పు చేసిన విద్యార్థిలా నవ్వేది. నేను తిరిగి నవ్వేదాన్ని. ఆ నవ్వుకు నన్నేం చేయాలి?

ఒకరోజు తరగతిలో నస్రీన్‌ను కథ చెప్పమన్నాను. లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఏంది, మర్చిపోయినవా?"

"కొత్తయి లేవు టీచర్. అమ్మ చెప్తలేదు. అమ్మకు తెలుగుల కథలు రావు."

ఆరోజు సాయంత్రం గేటు దాకా వెళ్లాను, చెప్పేద్దామనే. హసీనా నన్ను చూసి, కూతురితో తెలుగులో పెద్దగా ఏదో అంది, నేను వినాలని. నేను బస్సుకు టైమవుతోందని చెప్పి వెళ్లిపోయాను. తర్వాతి ఏడాది నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది. బడిలో స్వీట్లు పంచాను. నస్రీన్‌కు కూడా ఇచ్చాను. గద్వాల విడిచి వచ్చాను.

ఇప్పుడు నా గురించి మంచిగా వినబడేదంతా దీని తర్వాతిదే. చదవడం రాని ఏ పిల్లనూ నేను కింది తరగతిలో ఉంచనివ్వను. ఈ మధ్య మీటింగుల్లో మళ్లీ మొదలైంది, ఫెయిల్ చేసి ఆపితేనే పిల్లలకు భయం ఉంటుందని. "ఆపితే చదవడం వచ్చిన పిల్లను ఒక్కరిని పిలిపించండి, నేను కూర్చుంటాను" అని లేచి నిలబడ్డాను. పైవాళ్లకు కోపమొచ్చింది. రానివ్వండి. మెమో ఇస్తామన్నారు. ఇచ్చుకోండి. నాలుక తిరగని పిల్లకు, చెవి సరిగా వినబడని పిల్లకు, అక్షరం నిలవని పిల్లకు కావలసింది పక్కన కూర్చునే మనిషి. అదే బెంచీ మీద ఇంకో ఏడాది ఎందుకు? శిక్ష పడాల్సింది ఎవరికి? నేర్పని మాకా, రాని వాళ్లకా? తండ్రులే వచ్చి అడుగుతారు, "జర ఒక ఏడు ఆపుండ్రి టీచరమ్మా, గట్టిపడ్తది" అని. మొన్న మా బడి పిల్ల మంజుల కోసం, పల్లీ చేను పని వదిలి వచ్చిన వాళ్ల నాన్నతో గంటసేపు వాదించాను. ఆపలేదు. మంజుల పై తరగతిలోనే కూర్చుంటుంది, మధ్యాహ్నం నా దగ్గర కూర్చుంటుంది. బస్సు మీది ఊరి పేరు చదివిందని వాళ్ల నాన్న తనే వచ్చి చెప్పిపోయాడు.

ఇందులో ఒక్కదానికీ నేను సిగ్గుపడను. ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోను. కానీ ఇదంతా నస్రీన్ ఖాతాలో జమ అవుతుందని ఎవరూ అనకండి. మంజుల చదివితే నస్రీన్‌కు ఏమొచ్చింది?

శాలువా కప్పిన తర్వాతి ఆదివారం గద్వాల బస్సెక్కాను.

బండి ఉన్నచోట ఇప్పుడు చిన్న పండ్ల దుకాణం ఉంది. నస్రీన్ నాన్న నన్ను గుర్తుపట్టలేదు. బడి పేరు చెబితే ఇంటి దారి చూపించాడు. తలుపు తీసింది హసీనా. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూడగానే ముఖమంతా విప్పారింది.

"అయ్యో టీచరమ్మా! ఇన్నొద్దులకు మతికొచ్చినమా? రాండ్రి, కూసోండ్రి. ఛాయ్ పెడ్త."

తెలుగు. మా పాలమూరు తెలుగు, ఎక్కడా తడబాటు లేకుండా. నేను అలాగే నిలబడిపోతే తనే నవ్వింది. "మీరు జెప్పినంకనే నేర్సుకున్న. నస్రీన్ ఎన్క పుట్టిన మా చిన్నదానితోని మొదటికెళ్లి ఒక్క ఉర్దూ మాట మాట్లాడలె. మీ పేరు జెప్పుకుంట ఇంట్ల."

గోడ వారగా నస్రీన్ కూర్చుని పట్టు చీర అంచుకు కుచ్చులు కడుతోంది. పెద్దదైపోయింది. నాలుగో తరగతిలో కూడా ఒకసారి ఆపారట. ఆ తర్వాత బడి మార్చారు. ఆరుతో మానేసిందట. వేళ్లు చాలా వేగంగా కదులుతున్నాయి. నన్ను చూసి తల ఊపి, మళ్లీ పనిలో పడింది.

టీ వచ్చాక, తాగకుండానే చెప్పాను. మొత్తం. నస్రీన్‌కు ఉన్న ఇబ్బందేమిటో నాకు అప్పుడే తెలుసని, దానికీ ఉర్దూకీ సంబంధం లేదని, ఆరోజు అబద్ధం ఆడానని.  

హసీనా నా చేతిలోని గ్లాసు వైపు చూసింది.

"మా అమ్మ రాయచూరు నుంచి వచ్చేది" అంది. "పిల్లతోని ఉర్దూ మాట్లాడనియ్యలె నేను. కొట్లాడిన మా అమ్మతోని. మా టీచరమ్మ జెప్పింది, నీకేం తెల్వదు అన్న. అలిగి పోయింది. మల్ల ఈ ఇంటికి రాలె." తలెత్తి నన్ను చూసి అడిగింది, "గిప్పుడెందుకు జెప్తున్రు? మీ బరువు దిగాలెనా?"

"అవును" అన్నాను. అదీ నిజమే మరి. "నీకు తెల్వాలెనని గూడ."

నస్రీన్ వేళ్లు ఆగాయి.

"అయితే నాకు దిమాగ్ ఉండెనా టీచర్?"

"ఉండె. క్లాసుల అందరికన్న మంచిగ ఉండె."

"మీకు గప్పుడే తెల్సా?"

"తెల్సు."

ఆ పిల్ల దారాన్ని పంటితో కొరికి తెంపింది. "మల్ల గప్పుడు జెప్పకపోతిరి" అంది. అరవలేదు. ఏదో లెక్క సరిచూసుకున్నట్టు అంది.

ఇప్పుడైనా నేర్పుతానన్నాను. సెలవు రోజుల్లో వస్తానన్నాను. "వద్దు" అంది. "ఫోన్ల మాట జెప్తే అదే రాస్తది. నాకు మీ అక్షరాల పని లేదు." నాకు వాదించాలనిపించింది. మంజుల నాన్నతో వాదించినట్టు ఇక్కడ వాదించే హక్కు నాకు లేదు. హసీనా టీ గ్లాసు తీసుకుని, "ఇగ పోండ్రి టీచరమ్మా, ఆయన వచ్చే యాళ్లయింది" అంది. తలుపు దాకా రాలేదు.

వాళ్లు నన్ను క్షమించలేదు. క్షమిస్తే నాకే కోపమొచ్చేదేమో. వాళ్లకు ఆ కోపం ఉండనివ్వండి. అది వాళ్లది, పన్నెండేళ్లు ఆలస్యంగా వాళ్ల చేతికి అందింది.

వచ్చే సమావేశంలో ఆ కొత్త టీచరు మళ్లీ అడుగుతుందో లేదో. అడగకపోయినా నేను లేచి ఇదంతా చెబుతాను. మీరు కూడా ఏదో ఒక బడిలో కూర్చుని, ఏదో ఒక తల్లితో ఇటువంటి కారణమే చెప్పబోతుంటారు. ఉర్దూ అనో, లంబాడీ అనో, తండ్రికి చదువు రాదనో. నన్ను తిట్టుకోండి, సరే. ఆమెతో మాత్రం ఆ మాట అనకండి.

నస్రీన్‌కు తెలివి ఉండింది. అది నాకు తెలుసు. తెలిసే వాళ్లమ్మకు అబద్ధం చెప్పాను.